ట్యాంకు నిండితేనే లీకు... లోపం ఎక్కడ?

శిరివెళ్ల: నంద్యాలలో ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని వచ్చిన కారు ఇంటి ముందు ఆగుతుంది. గంట గడిచేసరికి వెనుక చక్రం పక్కన నేలపై తడి కనిపిస్తుంది. వసారాలోకి పెట్రోలు వాసన వస్తుంది. మరునాడు కారు వంద కిలోమీటర్లు తిరిగి వచ్చాక చూస్తే తడి ఉండదు, వాసనా ఉండదు. ‘బంకులో ఎక్కువ పోశారు, అదే కారిపోయింది’ అని యజమాని సరిపెట్టుకుంటాడు. నెల తిరిగి మళ్లీ ట్యాంకు నింపిన రోజున అదే తంతు. కారు ఉన్న చాలా ఇళ్లలో ఏదో ఒకనాడు ఎదురయ్యే అనుభవమిది.

లీకు దానంతట అదే ఆగిపోయింది కనుక ఇబ్బంది లేదనుకోవడం పొరపాటు. ట్యాంకులో ఇంధనం మట్టం లోపమున్న చోటు కంటే కిందికి దిగింది కాబట్టే కారడం ఆగింది. లోపం మాత్రం అక్కడే ఉంది. ట్యాంకు నిండినప్పుడు మాత్రమే కారుతోందంటే చిల్లు అడుగున లేదని, పైభాగంలోనే ఉందని అర్థం. ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకుంటే మెకానిక్ షెడ్డుకు వెళ్లకముందే సగం నిర్ధారణ పూర్తవుతుంది. ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

ఎండలకు పెరిగే ముప్పు

కర్నూలు నుంచి తమిళనాడులోని రాణిపేట వరకు సాగే 40వ నంబరు జాతీయ రహదారిపై నంద్యాల-ఆళ్లగడ్డ మధ్య ప్రాంతంలో వాహనాల రాకపోకలు ఎప్పుడూ అధికమే. అహోబిలం, మహానంది క్షేత్రాలకు వెళ్లే భక్తులు, వ్యవసాయ పనులపై తిరిగే రైతులు, కర్నూలు, కడప ఆసుపత్రులకు వెళ్లే రోగులు ఈ దారినే ఆశ్రయిస్తారు. దూర ప్రయాణానికి ముందు ట్యాంకు నింపుకోవడం సహజం. వేసవిలో నంద్యాల జిల్లాలో ఎండలు 40 డిగ్రీలు దాటడమూ ఏటా చూస్తున్నదే. ఈ రెండూ కలిసిన చోటే చిన్న లోపం బయటపడుతుంది.

పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే వెయ్యి లీటర్ల పెట్రోలు సుమారు ఒక లీటరు మేర పెరుగుతుంది. బంకులో పెట్రోలు భూమిలోపలి ట్యాంకులో ఉంటుంది కాబట్టి ఎండవేళ అది బయటి గాలి కంటే చల్లగా ఉంటుంది. దానిని నింపుకున్న కారును మండుటెండలో నిలిపితే ట్యాంకులోని పెట్రోలు 15 డిగ్రీల వరకు వేడెక్కిందనుకుందాం. 35 లీటర్ల పెట్రోలు దాదాపు అర లీటరు పెరుగుతుంది. ఆ అర లీటరుకు ట్యాంకులో చోటుండాలి. లేకపోతే అది దారి వెతుక్కుంటుంది. బలహీనమైన వాషరు, వదులైన క్లిప్పు, పగిలిన పైపు ఏది దొరికితే దానిగుండా బయటపడుతుంది.

గన్ను ఆగాక మరో చుక్క వద్దు

ఈ వ్యాకోచాన్ని దృష్టిలో పెట్టుకునే తయారీదారులు ట్యాంకు పైభాగంలో కొంత ఖాళీని విడిచిపెడతారు. బంకులో గన్ను దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు కూడా ఇందుకు తోడ్పడేదే. గన్ను కొన వద్ద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపు ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పోతుంటుంది. మట్టం పెరిగి పెట్రోలు ఆ రంధ్రాన్ని మూసివేయగానే గాలి అందక లోపల పీడనం తగ్గుతుంది. దానితో మీట విడిపోయి ప్రవాహం నిలిచిపోతుంది. దీనినే ఆటో కట్ అంటారు.

సమస్య ఆ తర్వాతే మొదలవుతుంది. చిల్లర సరిపోలేదని, లెక్క రౌండుగా రావాలని, మూతి దాకా పోస్తే మరో పది కిలోమీటర్లు కలిసి వస్తుందని మళ్లీ మళ్లీ గన్ను నొక్కిస్తారు. అలా పోసిన పెట్రోలు వ్యాకోచం కోసం ఉద్దేశించిన ఖాళీని ఆక్రమిస్తుంది. మెడ పైపులోనూ నిలిచిపోతుంది. ఆవిరి మాత్రమే వెళ్లవలసిన సన్నని గొట్టాల్లోకి ద్రవమే ప్రవేశిస్తుంది.

పెట్రోలు కార్లలో ట్యాంకు నుంచి లేచే ఆవిరిని పట్టి ఉంచేందుకు బొగ్గు గుళికలతో నింపిన ఒక డబ్బా ఉంటుంది. దానిని క్యానిస్టర్ అంటారు. అందులో చేరిన ఆవిరిని ఇంజను నడిచేటప్పుడు లాక్కుని మండిస్తుంది. ఆ డబ్బాలోకి ద్రవరూపంలో పెట్రోలు చేరితే గుళికలు తడిసి పనికిరాకుండా పోతాయి. ట్యాంకు నింపిన వెంటనే కారు సరిగా స్టార్టు కాకపోవడం, స్టార్టయినా ఇంజను తడబడడం, తడి కనిపించకపోయినా వాసన రావడం వంటివి జరిగితే ఈ డబ్బాను అనుమానించవలసిందే. డీజిల్ కార్లలో ఈ ఏర్పాటు ఉండదు.

కారు పుస్తకంలో 37 లీటర్లని రాసి ఉంటే బంకులో 39 లీటర్లు ఎలా పట్టిందని గొడవపడే వారూ ఉన్నారు. పుస్తకంలో చూపేది ట్యాంకులో నింపదగిన పరిమాణం. మెడ పైపు, పైన విడిచిన ఖాళీ అందులో చేరవు. కాబట్టి తేడా వచ్చినంత మాత్రాన కొలతలో మోసం జరిగిందని చెప్పలేము. అనుమానం ఉంటే బంకులో ఉండే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. తేడా వచ్చిన ప్రతిసారీ ట్యాంకు మూతి దాకా నిండిందన్న సంగతి మాత్రం మరువరాదు.

వదంతి వేరు, వాస్తవం వేరు

ఎండలు ముదిరితే ట్యాంకు నిండా పోయించరాదని, పోయిస్తే పేలిపోతుందని వేసవిలో సెల్‌ఫోన్లలో సందేశాలు చక్కర్లు కొడుతుంటాయి. చమురు సంస్థ ఇండియన్ ఆయిల్ పేరిట సాగిన ఇటువంటి ప్రచారాన్ని ఆ సంస్థే ఖండించింది. తయారీదారు నిర్దేశించిన పరిమితి వరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చునని వివరించింది. లోపం లేని ట్యాంకు ఎండకు పేలదు. లోపమున్న ట్యాంకు మాత్రం పరిమితికి లోబడి నింపినా కారుతుంది. కారిన పెట్రోలుకు నిప్పు తోడైతేనే అసలు ప్రమాదం.

ఆ ప్రమాదం ఎంతటిదో ఉమ్మడి కర్నూలు జిల్లా ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు, రోడ్డుపై పడి ఉన్న ద్విచక్రవాహనాన్ని ఈడ్చుకుంటూ వెళ్లింది. బైకు నుంచి కారిన పెట్రోలుకు రాపిడి వల్ల పుట్టిన నిప్పురవ్వలు తోడై మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు ఆ మంటలకు ఆహుతయ్యారు. అంతకు ముందు 2013 అక్టోబరు 30న నాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద కల్వర్టును ఢీకొన్న బస్సు దగ్ధమై 45 మంది మరణించారు. ఈ రెండూ ఢీకొనడం వల్ల జరిగిన ఘటనలే అయినా, బయటపడిన ఇంధనానికి నిప్పురవ్వ అందితే తప్పించుకునే వ్యవధి ఎంత తక్కువో ఇవి తెలియజేస్తున్నాయి.

మొదట చేయవలసినది

లీకు కనిపించగానే కారు కిందికి దూరి వెతకడం సరికాదు. ఇంజను ఆపాలి. బండిలో ఉన్నవారిని, ముఖ్యంగా పిల్లలను, వృద్ధులను దించివేయాలి. ఇంట్లోనో షెడ్డులోనో ఉంటే స్టార్టు చేయకుండా న్యూట్రల్‌లో ఉంచి ఆరుబయటికి తోయాలి. బీడీ, సిగరెట్, అగరుబత్తి, దీపం, గ్యాస్ పొయ్యి దరిదాపుల్లో ఉండరాదు. వాసన వస్తున్న చోట లైటు స్విచ్చు, మోటారు స్టార్టరు వేయడం గానీ ఆపడం గానీ చేయరాదు.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. పైకి లేచి చెదిరిపోకుండా నేల వెంట పాకుతూ పల్లపు చోట్లకు చేరుతుంది. కారు నిలిపిన వసారాకూ వంటగదికీ మధ్య ఒక గడపే అడ్డుగా ఉన్న ఇళ్లు పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. వెలుగుతున్న పొయ్యి వద్దకు ఆ ఆవిరి చేరితే మంట వెనుదిరిగి కారు దాకా వస్తుంది. సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలోనూ నిప్పంటుకునే ఆవిరి పెట్రోలుకు ఉంటుంది. డీజిల్ అంత సులభంగా అంటుకోదు. అయితే మన వేసవి వేడికి అదీ క్షేమమని చెప్పడానికి వీల్లేదు. వేడెక్కిన సైలెన్సరుపై పడితే మరీ ప్రమాదం.

నేలపై పడిన దానిపై ఇసుక గానీ పొడిమట్టి గానీ చల్లాలి. నీళ్లు పోస్తే పెట్రోలు నీటిపై తేలి మరింత దూరం వ్యాపిస్తుంది. మురుగుకాలువలోకి కడిగివేయడం మరీ ముప్పు. ధారగా కారుతుంటే లోపం వెతకడం మాని అందరూ దూరంగా జరిగి 101 లేదా 112కు ఫోన్ చేయాలి. నంద్యాల నుంచో ఆళ్లగడ్డ నుంచో అగ్నిమాపక శకటం గ్రామానికి చేరేసరికి కొంత సమయం పడుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

కారింది పెట్రోలేనా?

చుక్కలుగా కారి ఆగిపోయిన సందర్భంలో, కారు చల్లారాక, ఆరుబయట, పగటి వెలుగులో పరిశీలన మొదలుపెట్టవచ్చు. ముందుగా కారింది ఏమిటో తేల్చుకోవాలి. ఏసీ వేసుకుని వచ్చిన కారు కింద ముందుభాగంలో నీళ్లు కారడం సహజమే. దానికి వాసన ఉండదు. ఇంజను ఆయిలు, బ్రేకు ఆయిలు జిడ్డుగా ఉంటాయి. ఇంజను నీళ్లు రంగుతో కొంచెం తియ్యని వాసన వేస్తాయి. పెట్రోలు నిమిషాల్లో ఆరిపోతుంది, వాసన మిగులుతుంది. డీజిల్ ఆరదు. నూనె మరకలా ఉండిపోయి దుమ్మును పట్టేస్తుంది. కారు కింద అట్టముక్కనో పాత న్యూస్‌పేపరునో పరచి, దానిపై రాళ్లు పెట్టి గంటసేపు వదిలేస్తే ఏ చోట పడుతోందో, ఎంత పడుతోందో తెలిసిపోతుంది.

ఎప్పుడు కారుతోందన్నదే కీలకం

లీకు ఎక్కడున్నదో చెప్పేది అది కారే సమయమే. మెకానిక్ వద్దకు వెళ్లేముందు యజమాని ఈ కింది విషయాలను గమనించి రాసిపెట్టుకోవడం మేలు.

- బంకులో పోస్తుండగానే చక్రం వద్ద కారితే: మెడ పైపు లేదా దానిని ట్యాంకుకు కలిపే రబ్బరు గొట్టంలో లోపం ఉంటుంది.

- పోసినప్పుడు బాగానే ఉండి, ఎండలో నిలిపాక కారితే: ట్యాంకు పైనున్న పంపు గ్యాస్కెట్, గాలి గొట్టాలు, క్యానిస్టర్‌ను చూడాలి.

- మలుపులు తిరిగినప్పుడు, ఏటవాలుగా నిలిపినప్పుడు మాత్రమే కారితే: మూత వాషరు, మెడ పైపు అతుకులు అనుమానించాలి.

- గన్ను పదేపదే మధ్యలోనే ఆగిపోతూ, ఒక్కోసారి పెట్రోలు బయటికి చిమ్మితే: గాలి వెళ్లే గొట్టం మట్టితోనో పురుగు గూటితోనో మూసుకుపోయి ఉండవచ్చు.

- వెనుక సీటు వద్ద వాసన ఘాటుగా ఉంటే: సీటు కింద ఉండే పంపు మూత, దాని గ్యాస్కెట్‌పై దృష్టి పెట్టాలి.

- ట్యాంకు నిండినా, సగమున్నా, రిజర్వులో ఉన్నా కారితే: ట్యాంకు అడుగున తుప్పో, అతుకులో పగులో, ఇంజనుకు వెళ్లే గొట్టంలో లోపమో ఉంటుంది.

- ఇంజను నడుస్తున్నప్పుడే కారితే: పీడనంతో ఇంధనాన్ని తీసుకెళ్లే గొట్టం, ఫిల్టరు, వాటి అతుకుల్లో లోపం ఉంటుంది. ఇది అన్నింటికంటే ప్రమాదకరం. అటువంటి కారును నడపరాదు. లాగించుకుని వెళ్లాలి.

వీటికి మరొకటి చేర్చుకోవాలి. లీకు ఆగిపోయే సమయానికి మీటరు ముల్లు ఎక్కడుందో చూసి ఉంచుకోవాలి. పూర్తి నిండు గీత నుంచి కొద్దిగా దిగగానే ఆగితే లోపం మెడ పైపులోనో ట్యాంకు నెత్తిపైనో ఉన్నట్టు. ముప్పావు వద్ద ఆగితే ట్యాంకు పక్కభాగంలో ఆ ఎత్తున వెతకాలి. మీటరు ముల్లే లోపం ఎత్తును చూపే కొలబద్ద అవుతుంది.

తడి పడిన చోట చిల్లు ఉండదు

చుక్క పడిన చోటనే చిల్లు ఉందని భావించి అక్కడే అతుకు వేయించుకునే వారు అనేకులు. ట్యాంకు నెత్తిపై పుట్టిన లీకు ట్యాంకు ఒంపుల వెంట, పట్టీల వెంట, చాసిస్ కడ్డీల వెంట జారి ఎక్కడో ఒకచోట చుక్కగా రాలుతుంది. రాలిన చోటు నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లాలి. పెట్రోలుకు దుమ్మును, గ్రీజును కడిగివేసే గుణం ఉంది. చుట్టూ మట్టి పట్టి ఉండగా ఒక గీత మాత్రం శుభ్రంగా కనిపిస్తే అదే పెట్రోలు పారిన దారి. ఆ గీత పైకొన లోపమున్న చోటికి తీసుకుపోతుంది. డీజిల్ కారులో దీనికి విరుద్ధంగా, తడిసిన చోటనే దుమ్ము ముద్దగా పేరుకుంటుంది.

గీత స్పష్టంగా లేనప్పుడు ఆ భాగాన్ని తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, పౌడరు గానీ మెత్తటి సుద్దపొడి గానీ పలుచగా అద్దాలి. కొంతసేపటికి మొదట ఏ చోట పొడి తడిసి రంగు మారుతుందో అదే మూలం. ఈ పనిని జాకీపై నిలిపిన కారు కింద పడుకుని చేయరాదు. షెడ్డులో లిఫ్టు ఉన్న చోట మెకానిక్ చేత చేయించుకోవాలి. ట్యాంకు నెత్తిభాగం కింద నుంచి కనిపించదు. కొన్ని కార్లలో వెనుక సీటు ఎత్తితే పంపు మూత అందుతుంది. మరికొన్నింటిలో ట్యాంకునే దించవలసి ఉంటుంది. దించేముందు ఇంధనాన్ని తీసివేయాలి. నోటితో గొట్టం పీల్చి తీసే పద్ధతి ప్రాణాంతకం. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి చేరితే తీవ్రమైన హాని జరుగుతుంది.

తరచు దొరికే దొంగలు

అన్నింటికంటే చవకైనది, అందరూ మరిచిపోయేది మూత. దాని లోపలి రబ్బరు వాషరు ఏళ్ల తరబడి ఎండకు ఎండి పగుళ్లిస్తుంది. వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి. గట్టిపడినా, చీలినా మూతనే మార్చాలి. పోగొట్టుకున్న మూతకు బదులు వేరే కారు మూతను బిగించుకోవడం, గుడ్డ కుక్కడం సరైన పద్ధతి కాదు.

తర్వాతది మెడ పైపు. అనేక కార్లలో ఇది వెనుక చక్రం పక్కనే సాగుతుంది. చక్రం చిమ్మిన బురద దానిపై పడుతుంది. నల్లరేగడి బురద తొందరగా ఆరదు. సందుల్లో ఇరుక్కుని రోజుల తరబడి తేమను పట్టి ఉంచుతుంది. ఇనుప మెడ పైపు అయితే ఆ చోట తుప్పు పట్టి సూదిమొన అంత చిల్లు పడుతుంది. పొలాల దారుల్లో తిరిగే కార్లకు, వానాకాలంలో చక్రాల లోపలి భాగాన్ని కడిగించని కార్లకు ఈ ముప్పు అధికం. మెడ పైపును ట్యాంకుకు కలిపే రబ్బరు గొట్టం గట్టిపడడం, దాని క్లిప్పు వదులు కావడం కూడా తరచు కనిపించేవే. స్క్రూడ్రైవరుతో క్లిప్పు బిగించినంత మాత్రాన నయమయ్యే లీకులూ ఉన్నాయి.

మూడోది పంపు గ్యాస్కెట్. పెట్రోలు కొలిచే ఫ్లోటు, పంపు రెండూ ట్యాంకు నెత్తిపై ఒకే మూత కింద ఉంటాయి. గతంలో ఎప్పుడైనా పంపు మార్పించి, పాత గ్యాస్కెట్‌నే తిరిగి వేసి ఉంటే ట్యాంకు నిండినప్పుడల్లా అక్కడ ఊరుతుంది. పంపు మార్పించిన తర్వాతే సమస్య మొదలైందా అన్నది యజమాని గుర్తు చేసుకోవాలి.

నాలుగోది ఎలుక. ధాన్యపు బస్తాలు, గడ్డివాముల పక్కన నిలిపే కార్లలో గాలి గొట్టాలను, ప్లాస్టిక్ గొట్టాలను ఎలుకలు కొరికివేయడం పల్లెల్లో కొత్త కాదు. గొట్టంపై పంటి గాట్లు, పక్కన పెంటికలు కనిపిస్తే కారణం వేరుగా వెతకనక్కరలేదు.

తయారీలోనే లోపమైతే

అన్ని సందర్భాల్లోనూ తప్పు యజమానిదీ, బంకుదీ కాదు. మారుతీ సుజుకీ సంస్థ 2010 ఫిబ్రవరిలో ఇంధన పంపు గ్యాస్కెట్ మార్చేందుకు సుమారు లక్ష ఏ-స్టార్ కార్లను వెనక్కి పిలిచింది. అదే సంస్థ 2014 ఏప్రిల్‌లో మెడ పైపు మార్చేందుకు స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కార్లను కలిపి 1,03,311 వాహనాలను పిలిచింది. అవి 2013 నవంబరు 12 నుంచి 2014 ఫిబ్రవరి 4 వరకు తయారైనవి. ఆటో కట్‌ను మించి పోసినప్పుడు ఆ కార్లలో వాసన రావడం, కొన్ని సందర్భాల్లో ఇంధనం కారడం జరగవచ్చునని సంస్థ అప్పట్లో తెలిపింది. 2019 ఆగస్టులో ఇంధన గొట్టం లోహపు క్లిప్పుకు రాసుకుపోయే అవకాశం ఉందన్న అనుమానంతో 40,618 వ్యాగన్-ఆర్ కార్లను పిలిచింది.

ఇలా పిలిచినప్పుడు భాగాన్ని ఉచితంగా మార్చి ఇస్తారు. అయితే కారు చేతులు మారితే ఆ సమాచారం కొత్త యజమానికి చేరదు. పాత కారు కొన్నవారు ఆర్‌సీపై ఉన్న చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు కేంద్రంలో గానీ, కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ విచారించుకోవాలి. లోపభూయిష్ట వాహనాలను వెనక్కి పిలిపించే అధికారాన్ని ప్రభుత్వానికి కల్పించే నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి.

పాత రబ్బరు, కొత్త పెట్రోలు

దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో ప్రారంభమై 2025 నాటికి అంతటా విస్తరించింది. పాత వాహనాల్లో కొన్నింటికి దీర్ఘకాల వాడకం తర్వాత, అంటే 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక, కొన్ని రబ్బరు భాగాలను, గ్యాస్కెట్లను మార్చవలసి రావచ్చునని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో పేర్కొంది. ఇవి చవకైనవేనని, సర్వీసు సమయంలోనే మార్చుకోవచ్చునని తెలిపింది. కనుక పాత కారు ఉన్నవారు సర్వీసుకు ఇచ్చినప్పుడు ఇంజను ఆయిలుతో పాటు మూత వాషరు, మెడ గొట్టం, పంపు గ్యాస్కెట్‌ను కూడా చూడమని అడగడం మంచిది. లీకు అయినంత మాత్రాన నింద అంతా పెట్రోలుపై వేయడమూ సరికాదు. పదిహేనేళ్ల రబ్బరు ఏ ఇంధనంతోనైనా ఎండుతుంది.

చేయించకూడని వైద్యం

సబ్బుముక్క రుద్దడం, ఎం-సీల్ పెట్టడం దారి మధ్యలో చిక్కుకున్నప్పుడు షెడ్డు దాకా చేరడానికి ఉపయోగపడే ఉపాయాలు మాత్రమే. వాటినే శాశ్వత మరమ్మతుగా భావిస్తే కారు కుదుపులకు అవి ఎప్పుడు ఊడుతాయో చెప్పలేము.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఖాళీ ట్యాంకుకు వెల్డింగు. పెట్రోలు తీసివేశాం కదా అని ధీమాగా వెల్డింగుకు కూర్చుంటారు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి గాలితో కలిసి పేలుడు మిశ్రమమవుతుంది. ట్యాంకులో పెట్రోలు నిండి ఉన్నప్పటి కంటే ఖాళీగా ఉన్నప్పుడే పేలుడు ముప్పు ఎక్కువ. ఆవిరి పూర్తిగా పోయేలా శుద్ధి చేసే ఏర్పాటు, అనుభవం ఉన్న చోట తప్ప ట్యాంకుకు నిప్పు చూపరాదు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే అతుకుల కంటే మార్పిడే క్షేమం. ఇంధన గొట్టానికి బదులు నీళ్ల గొట్టం ముక్కను తొడగడం కూడా కొన్ని షెడ్లలో కనిపించే అలవాటే. పెట్రోలుకు ఆ రబ్బరు కొద్దికాలంలోనే ఉబ్బి చీలుతుంది.

మరమ్మతు అయ్యాక పరీక్ష

మరమ్మతు పూర్తయిందని చెప్పగానే తాళం చేతికి తీసుకుని రావడం కాదు. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోవాలి. లోపం ఎక్కడ బయటపడిందో చూపమనాలి. సగం ట్యాంకుతో చేసిన పరీక్ష ఈ రకం లీకుకు పరీక్షే కాదు. ఆటో కట్ వరకు నింపి, అక్కడితో ఆపి, ఆరుబయట అట్టముక్క పరచిన చోట కొన్ని గంటలు నిలిపి చూడాలి. మరునాడు ఎండలో మరొకసారి చూడాలి. రెండుసార్లూ అట్ట పొడిగా ఉండి, వాసన లేకపోతేనే పని పూర్తయినట్టు.

అప్పటి వరకు సగం ట్యాంకుకు మించి పోయించకుండా, ఇంటి లోపల కాకుండా బయట నిలుపుతూ జాగ్రత్త వహించాలి. సగం ట్యాంకుతో నడుపుకుంటే లీకు కనిపించదు కదా అని అదే అలవాటు చేసుకుంటే మాత్రం తుప్పు, పగులు తమ పని తాము చేసుకుపోతాయి. ఈరోజు నిండు గీత వద్ద కారే ట్యాంకు రేపు ముప్పావు వద్ద, ఎల్లుండి సగం వద్ద కారుతుంది. నాలుగు చుక్కల దశలో క్లిప్పు, వాషరుతో పోయేదానిని ట్యాంకు మార్పిడి దాకా, అగ్నిప్రమాదం దాకా రానివ్వకపోవడం యజమాని చేతిలోనే ఉంది. బంకులో గన్ను ఆగగానే ‘చాలు’ అనడం, ఇంటికి వచ్చాక ఒక్కసారి వంగి కారు కిందికి చూడడం... ఈ రెండు అలవాట్లకు ఖర్చేమీ లేదు.